ఖాళీ ఫోల్డరుకు ముహూర్తం

పోయిన వారం మధులతను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి మౌసు ఇచ్చి, చుట్టూ ఆఫీసునంతా నిలబెట్టి వదిలేశాం. ఏడు రోజులుగా ఆ పిల్ల అలాగే ఉంది. ఇంకా నాన్చితే మనకే పాపం తగులుతుంది. అయినా ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ళు బిక్కమొహం వేయకుండా నాలుగు ముక్కలు చెప్పి కథలోకి పోతాను.

పంజాగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల, లిఫ్టు ఉండీ లేనట్టుండే ఒక కాంప్లెక్సులో, మూడో అంతస్తులో ‘వరసిద్ధి సాఫ్ట్‌టెక్’ అని పదకొండు మంది పనిచేసే కంపెనీ. యజమాని జోగారావు. తణుకులో ఇళ్ళు కట్టించి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మనిషి. సిమెంటు లేకుండా కట్టే ఇళ్ళు కూడా ఉన్నాయి, వాటిని సాఫ్ట్‌వేర్ అంటారు అని ఎవరో చెబితే హైదరాబాదు వచ్చేశాడు. ఆరేళ్ళ కిందట మొట్టమొదట ఒక చీరల షాపుకు వెబ్‌సైట్ చేయించాడు. అది కలిసొచ్చింది. అంతే, అప్పటినుంచి ఏ కొత్త ప్రాజెక్టు వచ్చినా పంతులుగారితో ముహూర్తం పెట్టించడం, కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం, ఆ చీరల షాపు ఫోల్డరును కాపీ చేసి పేరు మార్చడం. ఆఫీసులో దాని పేరే ‘కలిసొచ్చిన ఫోల్డరు’.

మధులత ఎర్రగడ్డ రైతుబజార్లో ఆకుకూరలు అమ్మే బుచ్చమ్మ కూతురు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ ల్యాబులో రెండేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, మూడు నెలల కిందట ఈ కంపెనీలో చేరింది. ఆ మూడు నెలలు ఈ శుక్రవారంతో సరి. ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం టైపు చేసి జోగారావు చొక్కా జేబులో ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. బంజారాహిల్స్‌లో డాక్టర్ అరుణాదేవి నడిపే ఆడవాళ్ళ ఆస్పత్రికి వెబ్‌సైట్ కట్టాలి. పేషెంట్లు ఇంట్లో కూర్చుని తమ రిపోర్టులు చూసుకోవాలి. ముహూర్తం పది నలభై రెండు. పదకొండింటికి డాక్టరుగారు స్వయంగా వస్తున్నారు. ‘కాపీ, పేస్ట్’ అని అందరూ ఎదురుచూస్తుంటే మధులత ఆ రెండూ నొక్కలేదు. ‘న్యూ ఫోల్డర్’ నొక్కింది.

అక్కడ ఆగాం.

తెర మీద పసుపుపచ్చగా ఒక్క ఫోల్డరు. కొబ్బరికాయ రెండు చేతుల్లో ఎత్తి పట్టుకున్న జోగారావు దాన్ని కిందికి దించాడు.

“ఏంటమ్మాయ్ ఇది?”

“కొత్త ఫోల్డర్ సార్.”

“అది కనబడుతూనే ఉంది. కాపీ ఏదీ?”

“కాపీ చెయ్యట్లేదు సార్. ఖాళీ దాంతో మొదలుపెడుతున్నా.”

“హవ్వ!” అంది వరలక్ష్మి. జోగారావు భార్య ఆవిడ. ప్రతి ముహూర్తానికీ హారతి పళ్ళెంతో, ఒక స్టీలు డబ్బా నిండా పూర్ణం బూరెలతో రావడం ఆవిడకు ఆనవాయితీ. “శుభమా అని మొదలుపెడుతూ ఖాళీ అంటారటమ్మా! ఇంట్లో బియ్యం లేకపోయినా నిండుకున్నాయంటాంగానీ లేవంటామా?”

“అయితే నిండుకున్న ఫోల్డరే అనుకోండమ్మా” అంది మధులత.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. టీం లీడర్ తారక్ నవ్వలేదు. జోగారావు కుడిభుజం తారక్. నలగని చొక్కా, మెడలో ఐడీ కార్డు, నోట్లో ఎప్పుడూ యాలక్కాయ. ఏడుగురి మీద పెత్తనం.

“ఏముంది సార్, మేడంగారు రెండేళ్ళు అమీర్‌పేటలో ల్యాబు ఊడ్చారు కదా. అక్కడి జిరాక్సు నోట్సు తెచ్చి ఇక్కడ దింపుతున్నారు” అన్నాడు.

ఊడ్చారు అన్న మాట మధులతకు సూదిలా దిగింది. ఆమె పాఠం చెప్పిన పిల్లల్లో ముగ్గురు ఇప్పుడు తారక్ కన్నా పెద్ద కంపెనీల్లో ఉన్నారు. ఆ సంగతి నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఫోల్డరుకు డాక్టరుగారి పేరు పెట్టి, దాని లోపల ఇంకో ఫోల్డరు తెరిచింది. దాని పక్కన ఇంకోటి. భయం వేయలేదని నేను అబద్ధం చెప్పను. బాగానే వేసింది. వాళ్ళమ్మ రైతుబజార్లో పాలకూర కట్టకట్టకూ “మా పోరి పంజాగుట్టల కంప్యూటర్ల పని చేస్తుంది” అని చెప్పుకొని అమ్ముతోంది. ఈ కుర్చీలోంచి లేస్తే మళ్ళీ అమీర్‌పేట మైత్రీవనం మెట్ల మీద బయోడేటా ఫైలు పట్టుకుని నిలబడ్డ వెయ్యిమందిలో తనొకతి.

జోగారావు గడియారం చూసుకున్నాడు. జేబులోంచి ఆ కాగితం తీసి, మానిటరు పక్కన బల్ల మీద పెట్టి, అరచేత్తో నొక్కి పట్టాడు.

“ముహూర్తం దాటడానికి ఇంకా రెండు నిమిషాలుంది. ఆ పాతది కాపీ కొట్టు, ఇప్పుడే సంతకం పెడతాను. కొట్టనంటావా, లేచి వెళ్ళిపో. మధ్యదారి లేదు. ఆరేళ్ళు, పద్నాలుగు ప్రాజెక్టులు, అన్నిటికీ కలిసొచ్చిన ఫోల్డరు అది. నిన్నగాక మొన్నొచ్చి కాదంటావా?”

“పొమ్మంటే పోత సార్.”

ఆ మాట అన్నాక ఆమెకే తెలిసింది, తన సొంత మాట బయటపడిందని. మూడు నెలలుగా ఆఫీసులో ‘చేస్తాను, వెళ్తాను’ అంటూ నాలుకకు కళ్ళెం వేసి తిరిగింది. ఆ కళ్ళెం ఊడిపోయింది. ఊడితే ఊడింది, పీడా పోయిందనుకుంది.

“పోత. కానీ పోయేముందు ఒక్క మాట అడుగుత. చెప్పున్రి. తణుకుల ఇండ్లు కట్టిచ్చిన్రు కదా, బీరువా ఏడ పెట్టిచ్చేటోళ్ళు?”

జోగారావుకు కోపంలోనూ వాస్తు అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేని జబ్బుంది. “నైరుతి గదిలో. ఎందుకు?”

“అరుగు మీద ఎందుకు పెట్టలె?”

“అరుగు మీదా! వీధిలో పోయేవాడు తలుపు తీసి చూడ్డానికా? బుర్రున్నవాడెవడైనా బీరువా అరుగు మీద పెడతాడా?”

“మనం పెట్టినం సార్.”

మధులత కుర్చీ ఇటు తిప్పింది.

“వెబ్‌సైట్ సుత ఇల్లే సార్. ఎన్ని గదులన్న కట్టుకో. గండ్ల ఒక్క ఫోల్డర్ మాత్రం వీధిలకు తెరిచి ఉంటది. అండ్ల ఏం పెట్టినా, అడ్రసు కొట్టినోడు ఎవడైనా చూస్తడు. లోపలి గదులల్ల పెట్టింది మాత్రం మనం తీసి ఇస్తెనే బయటికి వస్తది. చీరల షాపుకు అన్నీ వీధిల పెట్టిన్రు. మంచిగ చేసిన్రు. చీర షోకేసుల ఉంటెనే కదా నలుగురు చూసేది, కొనేది. నేనైనా గట్లనే చేస్తుంటి. కానీ తర్వాత ఏమైంది? రక్తపరీక్షల ల్యాబుకు సుత గదే ఫోల్డర్ కాపీ కొట్టిన్రు. చీరల బొమ్మలున్న తావుల రిపోర్టులు పెట్టిన్రు. షోకేసు మాత్రం షోకేసే సార్. రోగం, రొష్టు రాసి ఉన్న కాయితాలు తెచ్చి షోకేసుల అమర్చినం.”

“ఏ ల్యాబు?” అంది వరలక్ష్మి.

“ఎర్రగడ్డ రోడ్డుల ఉన్న ల్యాబే అమ్మా. రెండేండ్ల సంది నడుస్తుంది మనది ఆడ.” మధులత ఆ ల్యాబు ప్రాజెక్టు తెరిచి చూపించింది. వరసగా ఫోల్డర్లు. రిపోర్టులు, బిల్లులు, వాటి పక్కనే ధర్మవరం, గద్వాల, పెళ్ళి కలెక్షన్.

“అయ్యో రామ! రక్తపరీక్షల్లో పట్టుచీరలేంటండీ?” అని వరలక్ష్మి నోరు నొక్కుకుంది. ఈసారి చాలామంది నవ్వారు. నవ్వినవాళ్ళంతా ఆ ఫోల్డరును చేతులారా కాపీ కొట్టినవాళ్ళే. పద్నాలుగు సార్లలో ఒక్కసారి కూడా దాన్ని విప్పి లోపల ఏముందో చూసిన పాపాన పోలేదు. కలిసొచ్చినదాన్ని కదపకూడదని పెద్దలు చెప్పారాయె!

తారక్ ముందుకొచ్చాడు. “సార్, కాకమ్మ కబుర్లు ఇవన్నీ. ఆ ఫోల్డర్లుంటే నష్టమేంటి? మనకు లాగిన్ పేజీ ఉంది. పాస్‌వర్డ్ కొట్టకుండా ఒక్క రిపోర్టు కూడా రాదు. ముహూర్తం దాటిపోతోంది సార్.”

“తాళం మంచిగనే ఉంది తారక్ గారూ” అంది మధులత. “తాళమేసిన తలుపు సుత మంచిగుంది. పక్కన గోడనే లేదు.”

“నోటికొచ్చినట్టు మాట్లాడకు. నిరూపించు.”

ఈ మాట కోసమే కాచుక్కూర్చుంది మన పిల్ల. “ఎవరన్న ఈ మధ్య ఆ ల్యాబుల పరీక్ష చేయించుకున్నరా? వేరేవాళ్ళది నేను తెరవ. నాకు హక్కు లేదు. మనోళ్ళదైతేనే చూపిస్త.”

జోగారావు ఛాతీ విరిచాడు. “నాది ఉంది. పోయిన నెలలోనే చేయించుకున్నాను. నాది చూపించు, చూద్దాం!” అని పర్సులోంచి ల్యాబు చీటీ తీశాడు. దాని మీద నంబరూ, కింద పాస్‌వర్డూ ఉన్నాయి.

“పాస్‌వర్డ్ నాకు చూపియ్యకున్రి సార్. వేలు అడ్డం పెట్టి నంబరొక్కటే చదువున్రి.”

“నాలుగు వేల నాలుగు వందల పదిహేడు.”

మధులత లాగిన్ పేజీ జోలికే పోలేదు. పైన అడ్రసు కొట్టే చోట ల్యాబు పేరు కొట్టి, గీత పెట్టి, రిపోర్టులు అని కొట్టి, మళ్ళీ గీత పెట్టి, నంబరు కొట్టింది. ఎంటర్ నొక్కింది. అప్పటి బ్రాడ్‌బాండు సంగతి తెలుసుగా, తెర మీద కాగితం పైనుంచి కిందికి నింపాదిగా దిగింది. ముందు ల్యాబు బొమ్మ. తర్వాత పేరు: జోగారావు, వయసు యాభై నాలుగు. తర్వాత, పరగడుపు షుగరు. రెండువందల ఎనభై ఆరు.

హారతి పళ్ళెం బల్ల మీద ఠప్పున పడింది.

“ఏవండీ!” అంది వరలక్ష్మి. “తొంభై ఎనిమిదని చెప్పారుగా నాతో! ఇందాక కార్లో రెండు బూరెలు తినిపించాను గదండీ నా చేత్తో! నా చేత్తోనే!”

జోగారావు చీటీని గుప్పిట్లో దాచబోయాడు. “అది... కంగారు పడతావని...” అన్నాడు. ఇళ్ళు కట్టించిన మనిషి, పదిమందిని గడగడలాడించే మనిషి, పెళ్ళాం ముందు చిన్నపిల్లాడిలా చీటీని మడతలు పెట్టసాగాడు. వరలక్ష్మి బూరెల డబ్బా మూత బిగించి చంకలో పెట్టుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మధులత ఆ పేజీ మూసేసింది. ఆమెకు గెలిచినట్టేం అనిపించలేదు. పెద్దమనిషి పరువు నలుగురిలో తీశానే అని మనసు చివుక్కుమంది. అయినా వెనక్కి తగ్గలేదు.

“మాఫ్ చెయ్యున్రి సార్. మీది మీ ఇంట్లనే బయటపడ్డది, ఇంకో గంటకు సర్దుకుంటది. ఆ నంబరుల ఒక్క అంకె మారిస్తె ఇంకొకరిది వస్తది. ఇంకోటి మారిస్తె ఇంకొకరిది. నాలుగు వేల మందిది వీధిల ఉంది. ఇప్పుడు డాక్టరమ్మది ఆడోళ్ళ ఆస్పత్రి. కడుపు నిలవలేదని ఏడ్చినోళ్ళు, ఇంట్ల చెప్పుకోలేక వచ్చినోళ్ళు ఉంటరు. వాళ్ళ కాయితాలు సుత షోకేసుల పెట్టమంటరా? నేను పెట్ట. మా అమ్మ రైతుబజార్ల ఆకుకూర అమ్ముతది. కుళ్ళిన ఆకు కట్ట లోపల దాచిపెట్టి అమ్మితే, తెల్లారి గదే గిరాకీ ముందట ఏ మొఖం పెట్టుకొని కూసుంటవు బిడ్డా అంటది. మీరు సంతకం పెట్టకున్నా సరే. నా చెయ్యితోని గా ఫోల్డర్ కాపీ కొట్ట.”

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. ఎవరూ అడగకుండానే, మిగిలిన పని పూర్తి చేయసాగింది. వీధిలోకి తెరిచే ఫోల్డరు ఒకటి, అందులో మొదటి పేజీ, బొమ్మలు మాత్రమే. దానికి బయట, లోపలి గదిలా, ప్రోగ్రాములకొకటి. డేటాబేసు పాస్‌వర్డులుండే ఫైలుకు ఇంకా లోపల ఒకటి. రిపోర్టులకు అన్నిటికన్నా వెనక ఒకటి. కట్టింది ఒక్క ఇటుక లేదు, ఒక్క లైను ప్రోగ్రాము లేదు. ఉత్త గదులు. అయినా ఇళ్ళు కట్టించిన జోగారావు కళ్ళు ఆ వరస వెంటే తిరుగుతున్నాయి. ముగ్గు పోసి పునాది గీసినప్పుడు కూడా అంతే కదా ఉండేది.

చివరికి ఆమె అన్నిటికీ పైన ఒక చిన్న ఫైలు పెట్టింది. పేరు: ‘మొదట చదవాల్సింది’.

“ఇదేంటి మళ్ళీ?” అన్నాడు తారక్ విసుగ్గా.

“ఏ గది ఏడ ఉంది, ఎందుకుంది అని రాసిపెట్టుడు. అమీర్‌పేట ల్యాబుల నా దగ్గర నేర్చుకున్న ప్రతి పిల్లతోని రాయించిన.”

“ఎవరు చదువుతారు దీన్ని?”

“నా తర్వాత ఈ కుర్చీల కూసునేటోళ్ళు చదువుతరు.”

ఆ మాటకు, గోడవార నిలబడ్డ మహిపాల్ తలెత్తాడు. మహిపాల్ ఆఫీసులో కంప్యూటర్లు, తీగలు, యూపీఎస్ చూసుకునే మనిషి. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. అతను మధులత వైపు కాదు, ఆమె మానిటరు అంచు వైపు చూస్తున్నాడు. అక్కడ మెరూన్ రంగు బొట్టుబిళ్ళ ఒకటి అంటించి ఉంది. అద్దం లేక మానిటరుకు అంటించుకున్న బొట్టు. మధులత చేరేసరికే ఉంది, తియ్యబుద్ధి కాక ఉంచేసింది. అది ఈ కుర్చీలో అంతకు ముందు కూర్చున్న సుమశ్రీది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకునే పిల్ల. ల్యాబు సమాచారం సీడీలో ఎక్కించి దొంగతనంగా పట్టుకుపోతుంటే పట్టుబడిందనీ, జాలిపడి పోలీసులకివ్వకుండా పంపేశారనీ ఆఫీసులో అందరికీ తెలిసిన కథ.

ఇంతలో జోగారావు తారక్ వైపు తిరిగాడు. గొంతు బాగా తగ్గించి, అతని చెవులకే వినిపించేలా అన్నాడు:

“ఇది ఇంకా ఇలాగే ఉందేంట్రా తారక్?”

తగ్గించాడు గానీ మధులత వింది. ఆమె చెయ్యి మౌసు మీదే ఆగింది.

“ఇంకా అంటున్నరేంది సార్?”

“ఏంటి?”

“ఇలా ఉందా అనలె. ఇంకా ఇలాగే ఉందా అన్నరు. ఇంతకుముందే మీకు ఎరుకనా ఇది? ఎవరన్న చెప్పిన్రా?”

“ఎవరు చెబుతారు! ఆరేళ్ళలో ఒక్కరు చెప్పలేదు మాకు” అన్నాడు తారక్. జోగారావును అడిగితే జవాబు తను చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

“చెప్పింది” అన్నాడు మహిపాల్.

అందరూ వెనక్కి తిరిగారు.

“సుమశ్రీ చెప్పింది. ఎనిమిది నెలలైంది. గీ కుర్చీలనే కూసొని చెప్పింది. గా అద్దాల రూముల చెప్పింది. లోపల లొల్లి నాకు బయటికి వినబడ్డది. తెల్లారి ఆ పిల్ల దొంగ అన్నరు.”

“మహిపాల్, నీ పని నువ్వు చూసుకో” అన్నాడు తారక్. యాలక్కాయ ఎప్పుడు మింగేశాడో పాపం, దగ్గు వచ్చింది.

“నా పనే చూసుకుంటున్న తారక్ భాయ్. అప్పుడు గీ సిస్టమ్ ఫార్మాట్ కొట్టమన్నవు. కొట్టిన అని చెప్పిన. కొట్టలె.” మహిపాల్ గోడ వదిలి ముందుకు వచ్చాడు. “ఆ పిల్ల దొంగ కాదని నాకు ఎరుకే. నోరు తెరవలె. ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు, ఫికర్ పడ్డ. ఎనిమిది నెలలు గా బొట్టు చూసుకుంట తిరిగిన. చెల్లె, డీ డ్రైవుల పో. పాత డ్రైవర్ల ఫోల్డర్ ఉంటది. దాని లోపల ప్రింటర్ అని ఉంటది. తెరువు.”

మధులత తెరిచింది. ప్రింటర్ ఫోల్డరు లోపల ప్రింటరు ఏమీ లేదు. ఒక కొత్త ప్రాజెక్టు ఉంది. దాని తేదీ ఎనిమిది నెలల కిందటిది. లోపల ఒకే ఒక్క ఫోల్డరు వీధిలోకి. ప్రోగ్రాములు లోపల. పాస్‌వర్డులు ఇంకా లోపల. రిపోర్టులు అన్నిటికన్నా వెనక. ఇందాక తను కట్టిన గదులే, అదే వరసలో. కట్టింది తను ఎన్నడూ మొహం చూడని సుమశ్రీ. మధులత ఈ ఆఫీసులో మూడు నెలలు ఒంటరిగా కూర్చున్నాననుకుంది. కాదు.

అన్నిటికీ పైన ఒక చిన్న ఫైలు. ‘మొదట చదవాల్సింది’.

ఆమె దాన్ని నొక్కబోయేసరికి తారక్ ఒక్క ఉదుటున వంగి బల్ల కింద యూపీఎస్ స్విచ్చి కోసం చెయ్యి చాచాడు. మధులత కాలు చాపి స్విచ్చికి అడ్డం పెట్టింది. చెప్పు కాలు! తారక్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“ఆడపిల్లను, కాలు అడ్డం పెడుతున్ననని అనుకోకున్రి. చెయ్యి ఖాళీ లేదు” అంది. ఫైలు తెరుచుకుంది.

పెద్ద పెద్ద అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. మధులత ఒక్కో మాటా పైకి చదివింది.

“ఈ ప్రాజెక్టులో ఏ ఫోల్డరు ఎక్కడ ఉండాలో, ఎందుకు ఉండాలో రాస్తున్నాను. ఇలా వద్దు, పాతదే ఉండనీ అన్నది ఎవరో, ఏ తేదీన, ఏ మాటలతో అన్నారో కూడా రాస్తున్నాను.”

దాని కింద తెర అయిపోయింది. మిగిలింది చూడాలంటే మౌసు చక్రం కిందికి తిప్పాలి.

అందరి కళ్ళూ తారక్ మీదే. వాడే, ఇంకెవడు! అని ఆ చూపులన్నీ తీర్పు చెప్పేశాయి. తారక్ మొహం మాత్రం తప్పు దొరికినవాడి మొహంలా లేదు. కోపంగా ఉంది. ఆ కోపం మధులత మీద కాదు, మహిపాల్ మీదా కాదు.

“నేను అప్పుడే చెప్పాను కదండీ” అన్నాడు జోగారావు కళ్ళల్లోకి సూటిగా చూస్తూ. “హార్డ్ డిస్కు తీసి పారేద్దామన్నాను. ఫార్మాట్ చాల్లే, డిస్కు ఎందుకు దండగ అన్నది మీరే. సైటు సరిచేద్దామన్నాను. ఇప్పుడు మారిస్తే ల్యాబువాళ్ళకు ఎందుకు మార్చామో చెప్పాలి, కొన్నాళ్ళాగి గుట్టుగా మార్చమన్నది, మళ్ళీ ఆ ఊసే ఎత్తనిది మీరే. మీరన్న మాటలకు నేను మాటపడాలా?”

వరలక్ష్మి మొగుడి వైపు చూసింది. షుగరు సంగతి తెలిసినప్పుడు కళ్ళల్లో తిరిగిన నీళ్ళు ఇప్పుడు లేవు. “ఆ పిల్ల దొంగతనం చేసిందని నాతో ఒట్టేసి చెప్పారు” అంది నెమ్మదిగా.

జోగారావు గడియారం చూసుకున్నాడు. పదకొండుకు రెండు నిమిషాలు. బల్ల మీది కాగితం దగ్గరికి లాక్కుని, జేబులోంచి పెన్ను తీసి, వంగి సంతకం పెట్టాడు. పూర్తి సంతకం, తేదీతో సహా. దాన్ని తిప్పి మధులత ముందుకు తోశాడు. ఆయన గొంతు ఇప్పుడు పిల్లను బడికి పంపే తండ్రి గొంతులా మెత్తగా ఉంది.

“ఇదిగోనమ్మా. ఉద్యోగం ఖాయం. నీ ఫోల్డర్లే పెట్టుకో, నీ ఇష్టం వచ్చినట్టు కట్టుకో. తారక్ కూడా నువ్వు చెప్పినట్టే వింటాడు. మీ అమ్మగారికి ఫోన్ చేసి చెప్పుకో, సంతోషిస్తుంది. ఆ ఒక్క ఫైలూ మూసెయ్యి. డాక్టరుగారు వచ్చే వేళైంది.”

మధులత కాగితం చూసింది. తన పేరు, పూర్తి పేరు, బుచ్చమ్మ కూతురి పేరు, అచ్చులో ఉంది. దీని కోసం మూడు నెలలు తిన్న తిండి ఒంటబట్టలేదు. చెయ్యి చాపితే అందుతుంది. దాని పక్కన, మానిటరు అంచున, మెరూన్ బొట్టు. దీని కోసం ఆ పిల్ల కూడా ఎన్నాళ్ళు ఎదురుచూసిందో.

బయట లిఫ్టు ఖణేల్‌మని ఆగింది. నెలలో పట్టుమని పదిరోజులు నడవని లిఫ్టుకు ఆ రోజే బుద్ధి పుట్టింది. అద్దాల తలుపు అవతల తెల్లటి నేత చీర, చేతిలో ఫైలు.

“లోపలికి రావచ్చా జోగారావు గారూ? ముహూర్తం అయిపోయిందా, నా కోసం ఆపారా?”

“మూసెయ్యమ్మా” అన్నాడు జోగారావు, పెదవి కదపకుండా.

మధులత కాగితాన్ని తీసుకుంది. మడత పెట్టలేదు, జేబులో పెట్టుకోలేదు. సంతకం తడి ఆరకుండానే దాన్ని తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

“ఆపినం డాక్టరమ్మా, మీ కోసమే ఆపినం” అంది, కుర్చీ జరిపి ఆవిడకు తెర కనబడేలా చోటిస్తూ. “మీ పేషెంట్ల కాయితాలు ఈ ఇంట్ల ఏడ పెడతరో ముందు మీరు చూడాలె. గిది మొదట చదవాల్సింది. రాండ్రి, ఇట్ల కూసోండ్రి.”

అని, మౌసు చక్రం కిందికి తిప్పింది.